మూడో అంతస్తులో స్పానిష్ మాత్రమే

ఒక మనిషికి ఒక భాష వచ్చునా రాదా అన్నది ఆ మనిషికి తెలిసే విషయం కాదు. ఆ మనిషిని కన్నతల్లికి కూడా తెలియదు. అది యూనివర్సిటీ మాత్రమే తేల్చగలదు!

ఈ మహాసత్యాన్ని కాపాడే ఉద్యోగం నాది. నా పేరు లాయిడ్ ఫెన్స్కే. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేలు అయిపోయి మళ్ళీ మొక్కజొన్న చేలు మొదలయ్యేలోపు దొరికే కాస్త ఖాళీలో ఎల్క్ ఫోర్క్ స్టేట్ యూనివర్సిటీ ఉంది. అక్కడ స్పానిష్ డిగ్రీ చదివే పిల్లలు ఏ ఏడు ఏ కోర్సు తీసుకోవాలో, దేని తర్వాత ఏది రావాలో ప్లాను గీసి ఇచ్చేది నేనే. నాకు స్పానిష్ రాదు. రానక్కర్లేదు కూడా. రైళ్ళ టైంటేబుల్ అచ్చువేసేవాడికి రైలు నడపడం వచ్చా?

నా గదిలో గోడ నిండా ఒక పటం ఉంది. గళ్ళు, గళ్ళ మధ్య బాణాలు. మొదటి ఏడు వ్యాకరణం, అందులోంచి రచనకు ఒక బాణం, అక్కణ్ణుంచి సాహిత్యానికి ఒక బాణం. మధ్యయుగ సాహిత్యం నాలుగేళ్ళకోసారి చెబుతారు. అది చదవాలంటే ముందు భాషాచరిత్ర చదివి ఉండాలి. భాషాచరిత్ర కూడా నాలుగేళ్ళకోసారే చెబుతారు, అదీ సరిగ్గా అదే ఏడు, అదే నెలల్లో, అదే గంటలో. ఈ రెండు గళ్ళనూ మామూలు నాలుగేళ్ళలో దాటడం ఎలాగో నాకూ తెలియదు. దాటినవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళ ఫోటోలు హాల్లో వేలాడదీశాం.

డిపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటుంది. నా గది రెండో అంతస్తులో. భాష రానందుకు నాకు విధించిన దేశబహిష్కారం అది! ఎందుకంటే మూడో అంతస్తు మొదట్లోనే ఒక బోర్డు ఉంది: "ఇక్కడి నుంచి స్పానిష్ మాత్రమే." ప్రొఫెసరైనా సరే, కుళాయి బాగుచేసేవాడైనా సరే, ఆ బోర్డు దాటాక ఇంగ్లీషు ముక్క మాట్లాడటానికి వీల్లేదు. డిపార్ట్‌మెంటు అధ్యక్షులు డాక్టర్ వెస్లీ హాల్డేన్ గారు స్వయంగా పెట్టిన నిబంధన. దాని ఫలితంగా మొత్తం యూనివర్సిటీలో అత్యంత రద్దీ ప్రదేశం ఏదయ్యా అంటే, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్యనున్న మెట్ల మలుపు. ప్రేమలు, తగాదాలు, ఫుట్‌బాల్ పందాలు, మార్కుల బేరాలు అన్నీ అక్కడే, శుభ్రమైన ఇంగ్లీషులో జరిగేవి. మూడో అంతస్తు మాత్రం ఆపరేషన్ థియేటర్ బయటి వరండాలా ఉండేది. చూడవచ్చినవాళ్ళు "ఆహా, ఏమి ఏకాగ్రత!" అని తలలూపి వెళ్ళేవాళ్ళు.

స్పానిష్ గడగడా మాట్లాడే ప్రొఫెసర్లు మాకు లేకపోలేదు. ఇద్దరున్నారు. ఇద్దరూ ఆ ఏడు పరిశోధన సెలవు మీద స్పెయిన్‌లో ఉన్నారు. భాష వచ్చినవాళ్ళు దేశానికి, రానివాళ్ళం డిపార్ట్‌మెంటుకు!

సరిగ్గా ఆ ఏడే అరసెలీ బుస్తీయోస్ నా గదిలోకి వచ్చింది.

ఫిబ్రవరి గాలి మనుషుల్ని పక్కకు నెట్టేస్తున్న ఉదయం అది. ఆ పిల్ల తలుపు తోసుకుని వచ్చి, తలమీది ఉన్ని టోపీ కూడా తియ్యకుండా, "ఫెన్స్కే సార్, మీ కంప్యూటర్‌కి పిచ్చెక్కింది," అంది.

"కంప్యూటర్‌కి ఎక్కదమ్మా, దాని ముందు కూర్చున్నవాళ్ళకి ఎక్కుతుంది. ఏమైంది?"

"మేలో నాకు డిగ్రీ రాదంటోంది! అన్నీ అయిపోయాయి సార్. కవిత్వం అయింది, నాటకం అయింది, మధ్యయుగం అయింది."

"మధ్యయుగం కూడానా!" గౌరవంతో లేచి నిలబడబోయాను. "ఎలా?"

"వేసవిలో ఇంకో ఊరు వెళ్ళి చదివొచ్చా. అది కాదు సార్, ఇది చూడండి."

చూశాను. ఆమె పటంలో అన్ని గళ్ళూ పచ్చగా ఉన్నాయి. ఒక్క గడి మాత్రం ఎర్రగా మెరుస్తోంది. కోర్సు 305. సంభాషణ.

"నువ్వు స్పానిష్‌లో మాట్లాడటం నేర్చుకోలేదు," అన్నాను గంభీరంగా.

అరసెలీ తెర మీంచి నా వైపు తిరిగింది. "సార్, నేను మాటలు నేర్చుకున్నదే స్పానిష్‌లో. మా అమ్మకి ఈ రోజుకీ ఇంకో భాష రాదు."

"అది మీ ఇంటి సంగతి. యూనివర్సిటీ దృష్టిలో నువ్వింకా నోరు విప్పలేదు."

"సరే, విప్పుతా. చేర్చండి ఆ కోర్సులో."

"కుదరదు. మాతృభాష స్పానిష్ అయినవాళ్ళకి 305లో ప్రవేశం లేదని నిబంధనల పుస్తకంలో ఉంది. మిగతా పిల్లలు బెదిరిపోతారట."

"ఆ కోర్సు లేకపోతే డిగ్రీ రాదు."

"రాదు."

"నన్ను ఆ కోర్సులో చేర్చుకోరు."

"చేర్చుకోరు."

"ఎందుకంటే నాకు మాట్లాడటం వచ్చు."

"శభాష్! చాలామందికి ఇది నాలుగైదుసార్లు చెబితే గానీ ఎక్కదు."

నిజానికి మొదటి ఏడు ఆ గడిని చివరికి జరిపింది నేనే. చివర్లో ఏదో ఒకటి చూసుకోవచ్చులే అని. మా వృత్తిలో దీన్ని దూరదృష్టి అంటారు. పైగా ఆమె చివరి ఏడు 305 చెప్పడానికి మనిషి లేక వీడియో పెట్టారు. తెర మీద ఒకావిడ మాట్లాడుతుంది, పిల్లలు వింటారు. సంభాషణలో సగమైతే జరుగుతోంది కదా!

అరసెలీ కుర్చీలో కూలబడింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"జూన్‌లో మా ఊరి కోర్టులో చేరాలి సార్. అనువాదకురాలిగా. అన్నీ అయిపోయాయి, జడ్జి గారు చెయ్యి కూడా కలిపారు. డిగ్రీ కాగితం ఒక్కటే అడిగారు."

వాళ్ళ ఊరు హార్మన్. మాంసం ప్యాకింగ్ ప్లాంటు ఉన్న ఊరు. ఊళ్ళో సగంమంది ఇళ్ళల్లో స్పానిషే. అరసెలీ పాలపళ్ళు ఊడే వయసు నుంచీ ఆ సగంమందికీ నోరు. ఆసుపత్రిలో, స్కూల్లో, బ్యాంకులో, ఎవరికి ఏ అవసరం వచ్చినా "బుస్తీయోస్ వాళ్ళ పిల్లని పిలవండి" అనేవారట.

"నీకు డిగ్రీ రాకపోతే ఆ ఉద్యోగం ఎవరికి పోతుంది?" అడిగాను.

"టక్కర్ వోస్‌కి."

"మన టక్కరే! మంచి కుర్రాడు. సంభాషణలో 'ఏ' గ్రేడు."

"వాడికి 'బాత్‌రూం ఎక్కడ' తప్ప ఇంకో వాక్యం రాదు సార్!" ఆ పిల్ల లేచి నిలబడింది. "రేపు మా బాబాయి బోనులో నిలబడితే, జైలా ఇల్లా అని జడ్జి తేలుస్తుంటే, వీడు పక్కన నిలబడి ఏం చెబుతాడు? బాత్‌రూం ఎక్కడుందనా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆ పిల్ల నవ్వడం లేదు.

పుస్తకం తిరగేశాను. నిబంధన ఉన్నచోట మినహాయింపు ఉంటుంది, లేకపోతే మాకు ఉద్యోగాలుండవు. దొరికింది! డిపార్ట్‌మెంటు అధ్యక్షులు ఆ విద్యార్థితో మూడో అంతస్తులో, ముఖాముఖి, స్పానిష్‌లో మాట్లాడి తృప్తి చెందితే 305 అక్కర్లేదు. గడువు ఏప్రిల్ చివరి శుక్రవారం.

"అంతేనా?" అరసెలీ మొహం విప్పారింది. "హాల్డేన్ గారితో పది నిమిషాలు మాట్లాడితే చాలా?"

"పదెందుకు, అయిదు చాలు," అన్నాను. ఎంత అమాయకుణ్ణి!

హాల్డేన్ గారి గురించి చెప్పాలి. పదహారో శతాబ్దపు ఒక స్పానిష్ నాటకంలో ఒక కామా ఉంది. అది కవి పెట్టిందా, అచ్చువేసినవాడి పొరపాటా? దీని మీద ఆయన నాలుగు వందల పేజీల పుస్తకం రాశారు. కవి పెట్టిందేనని తేల్చారు. ఆ దెబ్బతో జర్మనీలో ఒక పండితుడు మంచం పట్టాడు. అంతటి మనిషి! కారిడార్‌లో నడిచేటప్పుడు చూపుడువేలు పెదవుల మీద ఉండేది. ఎవరైనా స్పానిష్‌లో పలకరిస్తే కళ్ళు సగం మూసి, నెమ్మదిగా తల ఊపి, "క్లారో" అనేవారు. అవునవును, నిజమే అని అర్థమట. ఆ ఒక్క మాటలో ఎంత లోతుందో పిల్లలు మెట్ల మలుపులో గంటలకొద్దీ చర్చించుకునేవారు.

మొదటి అపాయింట్‌మెంట్ మార్చిలో పెట్టించాను. ఆ పొద్దున హాల్డేన్ గారి సెక్రటరీ మార్లిస్ మెట్లు దిగి వచ్చింది.

"లాయిడ్, ఆయన గొంతు పోయిందయ్యా."

"ఎప్పుడు పోయింది?"

"ఎనిమిదింటికి కాఫీ చల్లారిందని నా మీద అరిచినప్పుడు బాగానే ఉంది. ఆ పిల్ల పేరు చెప్పానో లేదో, టక్కున పోయింది! మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు."

రెండో అపాయింట్‌మెంట్ రోజున ఆయన పొరుగు రాష్ట్రంలో సదస్సుకు వెళ్ళిపోయారు. సదస్సు విషయం: ప్రాచీన నాటకంలో మౌనం.

మూడోసారి నేను వదలదలచుకోలేదు. ఏప్రిల్ మధ్యలో, ఆయన గదిలో ఉన్నారని మార్లిస్‌తో రూఢి చేసుకుని, అరసెలీని వెంటబెట్టుకుని మూడో అంతస్తు ఎక్కి ఆయన తలుపు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. తప్పించుకునే దారి లేదు! తలుపు తెరుచుకుంది. హాల్డేన్ గారు అరసెలీని చూశారు. చిరునవ్వు నవ్వారు. ఒక్క నిమిషం అన్నట్టు వేలెత్తి, కారిడార్ మలుపు తిరిగారు.

గణగణమని ఫైర్ అలారం మోగింది.

భవనం మొత్తం ఖాళీ అయి పచ్చిక మీదికి వచ్చింది. ఫైరింజను వచ్చింది. నిప్పు లేదు, పొగ కూడా లేదు. ఫైర్‌మెన్ మొహాలు మాడ్చుకుని వెళ్ళిపోయారు. హాల్డేన్ గారు ఒక చెట్టు పక్కన, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఆకాశాన్ని పరిశీలిస్తూ నిలబడ్డారు. సాయంత్రం దాకా ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

మర్నాడు ఆయన గ్లౌజులతో వచ్చారు! బయట ట్యులిప్ పూలు విచ్చుకున్నాయి, పిల్లలు పొట్టి లాగుల్లో తిరుగుతున్నారు. ఈయన తోలు గ్లౌజులతో కాఫీ తాగారు, గ్లౌజులతో పేజీలు తిప్పారు. పాత రాతప్రతేదో దొరికిందని పుకారు పుట్టింది. "చర్మవ్యాధట," అంది మార్లిస్, ఎటో చూస్తూ.

నేను డిటెక్టివ్ నవలలు చదివి చెడిపోయినవాణ్ణి. నేరుగా వెళ్ళి అలారం హ్యాండిల్ చూశాను. ఆకతాయిలు ఊరికే లాగుతున్నారని ఆ ఏడే దాని వెనక నీలం రంగు పూయించారు. లాగినవాడి వేళ్ళకు అంటితే వారాలపాటు వదలదు. ఈ ఆలోచన చేసింది భవన భద్రతా కమిటీ. కమిటీ అధ్యక్షులు డాక్టర్ హాల్డేన్ గారు. కమిటీ తీర్మానాలు అధ్యక్షులు చదివి సంతకం పెడతారని ఎవరన్నారు?

ఆయన్ను మెట్ల మలుపులో పట్టుకున్నాను. ఇంగ్లీషు చెల్లే చోటు కదా!

"గ్లౌజులు తియ్యండి సార్."

"లాయిడ్, ఇది అవిధేయత."

"తియ్యండి సార్. మీ వేళ్ళు నీలంగా లేకపోతే నా తల గొరిగించుకుంటాను."

ఆయన అటూ ఇటూ చూసి, మెట్టు మీద కూర్చున్నారు. గ్లౌజు తీశారు. నాలుగు వేళ్ళూ నేరేడుపళ్ళు తిన్న నాలుకలా ఉన్నాయి.

"నాకు మాట్లాడటం రాదయ్యా," అన్నారు నెమ్మదిగా.

"స్పానిషా?"

"చదువుతాను. రాస్తాను. కలలు కూడా స్పానిష్‌లోనే కంటాను. కానీ కలలో కూడా అందరూ కాగితం మీద రాసి చూపిస్తారు." ఒక నిట్టూర్పు. "కుర్రతనంలో స్పెయిన్‌లో సలమాంకా అనే ఊరు వెళ్ళాను. మొదటి రోజు ఉదయం ఒక హోటల్లో, రాత్రంతా సాధన చేసిన వాక్యంతో కాఫీ అడిగాను. ఆ వెయిటర్ నన్ను ఎగాదిగా చూసి, ఇంగ్లీషులో, 'పాలు వెయ్యమంటారా సార్?' అన్నాడు. ఆ తర్వాత నోరు పెగిలితే ఒట్టు."

జాలేసింది. అంతలోనే బోర్డు గుర్తొచ్చింది. "మరి స్పానిష్ మాత్రమే అని ఆ నిబంధన ఎందుకు పెట్టారండీ?"

ఆయన కళ్ళల్లో మొదటిసారి వెలుగు కనిపించింది. "అది పెట్టకముందు ప్రతివాడూ నాతో ఇంగ్లీషులో మొదలెట్టేవాడు. మధ్యలో ఉత్సాహం పట్టలేక స్పానిష్‌లోకి దిగేవాడు. పెట్టాక? ఒక్కడు నోరెత్తడు! ఎంత హాయిగా ఉందో చూశావా?"

"పోనీ ఆ పిల్లతో మాట్లాడానని సంతకం పెట్టెయ్యండి. పని అయిపోతుంది."

హాల్డేన్ గారు నిటారుగా లేచి నిలబడ్డారు. "దొంగ సంతకమా? నేను విద్వాంసుణ్ణి, లాయిడ్!" నీలం వేలు నా ముక్కు ముందు ఆడించి మరీ అన్నారు.

అంతలో గొంతు తగ్గించారు. "అయినా ఇంకో ఆపద వచ్చిపడింది. శుక్రవారం డీన్ వస్తోంది. మన అంతస్తుకి 'సజీవ భాషా పురస్కారం' ఇస్తుందట. ఆ పిల్ల ఇంటర్వ్యూ తన కళ్ళముందే జరగాలట. ఆ హ్యాండిల్ మీద ప్లాస్టిక్ డబ్బా కూడా బిగించేశారు. ఏం చెయ్యను?"

చివరి శుక్రవారం. అంటే గడువు రోజే!

డీన్ ప్రిసిల్లా లోమాక్స్ గారు మట్టి శాస్త్రవేత్త. మట్టిని చేతిలోకి తీసుకుని అది ఏ జిల్లాదో చెప్పగలరు. స్పానిష్‌లో మాత్రం 'నమస్కారం' కూడా రాదు. పురస్కారం బల్లమీద పెట్టి, "నాకేమీ అర్థం కాదుగా, అనువాదం ఎవరు చేస్తారు?" అన్నారు. మూడో అంతస్తులో ఇంగ్లీషు వాడుకోవడానికి ఆవిడకు ఆ ఒక్కరోజుకు ప్రత్యేక అనుమతి ఇచ్చాం.

మార్లిస్ నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను.

"నేను చేస్తానండి," అంది అరసెలీ. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని వచ్చింది. "ఇంటర్వ్యూ నాదే. అయినా అలవాటే."

హాల్డేన్ గారు ఎదుటి కుర్చీలో గ్లౌజులతో కూర్చున్నారు. నోరు తెరిచారు. ఏమీ రాలేదు. మూశారు. మళ్ళీ తెరిచారు. ఒడ్డున పడ్డ చేప కూడా అంతకంటే ఎక్కువ శబ్దం చేస్తుంది. ఇప్పుడు డీన్ గారికి అనుమానం వస్తే ఈయన పరువు పోతుంది. ఈయన మాట్లాడకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది!

"ఏమంటున్నారు?" డీన్ గారు ముందుకు వంగారు.

"'ఈ భాష నీకేమవుతుంది?' అని అడిగారండి," అంది అరసెలీ, కన్నార్పకుండా.

"మాట్లాడినట్టు లేదే?"

"పెద్దవాళ్ళు కదండీ. కళ్ళతో అడుగుతారు."

"అబ్బా!" డీన్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

అరసెలీ హాల్డేన్ గారి వైపు తిరిగి స్పానిష్ మొదలుపెట్టింది. నిదానంగా, ఒక్కొక్క మాటా బల్ల మీద పేర్చినట్టు. ఆయన అలవాటుగా కళ్ళు సగం మూసి "క్లారో" అన్నారు. ఆ పిల్ల ఆపలేదు. ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. తన గ్లౌజుల వైపు చూసుకున్నారు. మొహం ఎర్రబడింది, పాలిపోయింది, మళ్ళీ ఎర్రబడింది.

"ఎంత కదిలిపోతున్నారో చూడండి!" డీన్ గారు రుమాలు తీశారు. "ఏం చెప్పావమ్మా?"

"భాష చేతికంటిన రంగులాంటిది, ఎన్ని తొడుగులు తొడిగినా దాగదు అని చెప్పానండి."

డీన్ గారి కళ్ళు చెమర్చాయి. నేను తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను.

అప్పుడు ఆ అద్భుతం జరిగింది. హాల్డేన్ గారు మాట్లాడారు! ఒక మాట కాదు, రెండు కాదు, ప్రవాహం! గొంతు వణుకుతోంది, చెయ్యి గాల్లో లేస్తోంది, తల వంగుతోంది. స్పానిష్ రాని నాకు కూడా అది స్పానిష్ అని తెలిసిపోయింది. మార్లిస్ చేతిలో పెన్ను కింద పడింది. అరసెలీ పెదవి పంటితో బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి వింటోంది.

"ఏమన్నారు, ఏమన్నారు?" డీన్ గారు ఆగలేకపోతున్నారు.

"నేను పాసయ్యానన్నారు."

"అంత పొడుగ్గానా?"

"స్పానిష్‌లో పాసవడం కొంచెం పొడుగేనండి."

హాల్డేన్ గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. డీన్ గారు పురస్కారం ఆయన గ్లౌజుల చేతుల్లో పెట్టి ఫోటో తీయించుకున్నారు.

నేను అరసెలీని మెట్ల మలుపులోకి లాక్కెళ్ళాను. "నిజం చెప్పు, ఏమన్నావు ఆయన్ని?"

అక్కడికి చేరాక గానీ ఆ పిల్ల నవ్వు బయటపడలేదు. గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

"మొదటిది, ఆ హ్యాండిల్ నీలం సబ్బుతో పోదు సార్, ఉప్పూ నూనే కలిపి రుద్దండి, ప్లాంటులో మాంసం మీద వేసే ముద్రల సిరా చేతికంటితే మా అమ్మ అదే చేస్తుంది అన్నా. రెండోది, అలారం మోగిన రోజు మీ తలుపు ఎదురుగా కూర్చున్నది నేనే, మీరు ఏ మలుపు తిరిగారో చూశా అన్నా. మూడోది, నా కాగితం మీద సంతకం పెట్టండి, మావాళ్ళని 305లోకి రానివ్వని ఆ నిబంధన తీసేయండి, లేకపోతే ఇప్పటిదాకా చెప్పిందంతా డీన్ గారికి ఉన్నదున్నట్టు అనువాదం చేస్తా అన్నా."

"దేవుడా! దానికాయన ఏమన్నారు?"

"అదే సార్ విచిత్రం! ఒక్క తప్పు లేకుండా మాట్లాడారు. కాకపోతే నాలుగొందల ఏళ్ళనాటి స్పానిష్. 'మహారాణీ, తమ పాదధూళిని ముద్దాడుతున్నాను. ఈ దాసుడి పరువు తమ చేతిలో ఉంది. రేపు సూర్యుడు ఉదయించేలోగా తమ ఆజ్ఞ శిరసావహిస్తాను' అన్నారు." మళ్ళీ నవ్వింది. "నన్ను మహారాణీ అన్నవాళ్ళు ఇంతవరకు లేరు సార్. సంతకం పెట్టకపోయినా వదిలేసేదాన్నేమో!"

మేలో అరసెలీకి డిగ్రీ వచ్చింది. జూన్‌లో కోర్టులో చేరింది. టక్కర్ వోస్‌కు అన్యాయం జరిగిందని బాధపడకండి. రాష్ట్ర రాజధానిలో, ఏదో బహుభాషా వ్యవహారాల కార్యాలయంలో, అంతకంటే పెద్ద ఉద్యోగం దొరికింది. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు.

ఇక సూర్యోదయంలోగా చేస్తానన్న పని. అదీ జరిగింది! మర్నాడే హాల్డేన్ గారు ఆ నిబంధన తొలగింపుపై ఒక కమిటీ వేశారు. స్పానిష్‌లో కన్న వాగ్దానాన్ని ఇంగ్లీషు కమిటీకి పెంపకానికి ఇచ్చారన్నమాట. కమిటీ మెట్ల మలుపులో సమావేశమైంది, కుర్చీలు చాలక వాయిదా పడింది.

ఆగస్టు వచ్చింది. కొత్త పిల్లలు వచ్చారు. ఒక మధ్యాహ్నం నా తలుపు తోసుకుని అరసెలీ వచ్చింది. కోర్టు కోటు, మెడలో గుర్తింపు కార్డు. పక్కన అచ్చం అదే ముక్కుతో ఇంకో పిల్ల.

"మా చెల్లి నోయెమీ సార్. స్పానిష్ డిగ్రీ చదువుతానంటోంది. నాలుగేళ్ళ ప్లాను గీసివ్వండి."

"దానికేం, రామ్మా!" పటం ముందుకు నడిపించాను. వ్యాకరణం దాటాం, సాహిత్యం దాటాం, మధ్యయుగాన్ని ఎలా దాటాలో వాళ్ళక్క చెప్పింది. చివరికి ఒక గడి దగ్గర నా పెన్సిల్ ఆగింది.

"ఇదేంటి సార్?" అంది నోయెమీ.

"ఇది... సంభాషణ అమ్మా. దీన్ని ప్రస్తుతానికి చివరికి జరుపుదాం."

అరసెలీ నా పెన్సిల్ పట్టుకుంది. "ఆ నిబంధన తీసెయ్యలేదా?"

"కమిటీ వేశాం."

"కమిటీ ఏం చేసింది?"

"మాతృభాష అంటే ఏమిటో నిర్వచించమని ఉపసంఘం వేసింది."

"సూర్యుడు ఉదయించేలోగా అన్నారు సార్!"

"ఏ సూర్యుడో చెప్పలేదు కదా," అన్నాను, జీతం తింటున్న మనిషిని గనుక.

ఆ పిల్ల కోప్పడలేదు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. "చివరికి జరపొద్దు. మొదటి రోజే కానిద్దాం. పదండి పైకి."

ముగ్గురం మెట్లెక్కాం. మలుపు దాటాం. బోర్డు కనబడింది. అటు చివర మార్లిస్ మమ్మల్ని చూసి, లోపలికి చూసి, కుర్చీలోంచి లేచింది. ఒక తలుపు చప్పుడైంది. ఫెళ్ళున ప్లాస్టిక్ పగిలిన శబ్దం వినిపించింది.

గణగణగణ!

భవనం మొత్తం మళ్ళీ పచ్చిక మీదికి వచ్చింది. ఆగస్టు ఎండ మాడు పగలగొడుతోంది. జనం పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. ఆ చెట్టు పక్కనే, ఆకాశాన్ని పరిశీలిస్తూ, డాక్టర్ హాల్డేన్ గారు. రెండు చేతులకూ గ్లౌజులు. ఈసారి ముందే తొడుక్కుని ఉన్నారు.

దూరం నుంచి డీన్ లోమాక్స్ గారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే వస్తున్నారు.

అరసెలీ తిన్నగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది. చెల్లెల్ని ముందుకు జరిపింది.

"నమస్కారం డాక్టర్ గారూ. మా చెల్లి నోయెమీ. డీన్ గారు కూడా వచ్చేస్తున్నారు. ఇంటర్వ్యూ ఇక్కడే కానిచ్చేద్దామా?"

"మూడో అంతస్తులోనే జరగాలని నిబంధన ఉందే!" అన్నారు ఆయన, స్వచ్ఛమైన ఇంగ్లీషులో.

"దానికి మీరు కమిటీ వేసుకోండి. ఈలోపు మాట్లాడండి."

ఆయన అటు చూశారు, ఇటు చూశారు, వెనక చెట్టు మానంతా తడిమి చూశారు. పచ్చిక మీద లాగడానికి హ్యాండిల్ ఏదీ లేదు.